థాంక్స్‌గివింగ్ టర్కీ సగానికి పైగా మిగిలింది, పిల్లలు తినేలా తొందరగా అయ్యే వంటలు చెప్పండి

ఫ్రిస్కో_పద్మ
శుక్రవారం, నవంబర్ 29, 2024, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. నిన్న థాంక్స్‌గివింగ్ పండగకి మా ఇంట్లోనే భోజనాలు. పెద్ద టర్కీ కోడి తెచ్చాం, 16 పౌండ్లది. తీరా చూస్తే కార్తీకం అని మా అత్తయ్యగారు, మామయ్యగారు ముట్టలేదు, వచ్చినవాళ్ళలో ఒక కుటుంబం బాబా భక్తులు, గురువారం నీచు తినరు, మిగతావాళ్ళేమో మర్యాదకి తలో రెండు ముక్కలు వేసుకుని పులిహోర మీద పడ్డారు. రాత్రే ఎముకల నుంచి మాంసం వలిచి డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టాను. ఎముకల గూడు కూడా పారేయలేదు, ఒక పెద్ద కవర్లో ఉంది. బంగాళాదుంప ముద్ద, క్రాన్‌బెర్రీ సాస్, గ్రేవీ కూడా ఉన్నాయి.

సోమవారం నుంచి ఆఫీసు, బడి. పిల్లలు రోజూ టర్కీ శాండ్‌విచ్ అంటే మొహం చిట్లిస్తారు. అరగంటలో అయ్యేవి, అన్నంలోకో చపాతీలోకో పనికొచ్చేవి చెప్పండి. బిర్యానీ చేద్దామంటే మా ఆయన వద్దంటున్నారు, ముక్క పీచుపీచుగా అవుతుందట. నిజమేనా?

ఎడిసన్_వంటిల్లు
శుక్రవారం, ఉదయం 8:42

పద్మగారూ, మీ ఆయన చెప్పింది సగం నిజం. ముక్క పీచు అయ్యేది బిర్యానీ వల్ల కాదండీ, ఆల్రెడీ ఉడికిపోయిన మాంసాన్ని పచ్చి మాంసంలా మళ్ళీ ఉడికించడం వల్ల. మన చేతికి కోడికూర అలవాటు కదా, నూనె, ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, ఆ వెంటనే ముక్కలు వేసి మూతపెట్టి ఇరవై నిమిషాలు వదిలేస్తాం. నిన్న ఓవెన్లో గంటల తరబడి కాలిన టర్కీకి మళ్ళీ అదే చేస్తే రొమ్ము మాంసంలో మిగిలిన ఆ కాస్త తేమా పోతుంది. దాంట్లో కొవ్వు దాదాపు ఉండదు, తేమ పోయాక ఇంక పట్టి ఉంచేది ఏమీ లేదు.

కాబట్టి ఏ వంటైనా మసాలా ముందు పూర్తిగా అయిపోవాలి. ఉల్లిపాయ ఎర్రగా వేగి, టమాటా మగ్గి, నూనె తేలి, ఉప్పూ కారం సరిచూసుకుని, ఇక దించేద్దాం అనుకున్నప్పుడు టర్కీ వేయండి. ముక్క లోపలిదాకా పొగలు కక్కేలా వేడెక్కితే చాలు, వెంటనే దించేసి మూతపెట్టి ఓ పది నిమిషాలు వదిలేయండి, మసాలా అదే పీలుస్తుంది.

ఇంకో మాట. రొమ్ము మాంసం, తొడ మాంసం కలిపి పెట్టారా? కలిపితే ఇప్పుడైనా విడదీయండి. తెల్లగా ఉండేది రొమ్ము, అది పొరటుకి, ఫ్రైడ్ రైస్‌కి, రోల్స్‌కి. ముదురు రంగులో ఉండేది తొడా కాలూ, దాన్ని పులుసులో వేసినా గోంగూరలో వేసినా హలీం చేసినా తట్టుకుంటుంది. కాలి ముక్కలో గట్టి నరాలు పుల్లల్లా ఉంటాయి, పిల్లలకి పెట్టేముందు అవి లాగేయండి.

పాలమూరు_పిలగాడు
శుక్రవారం, ఉదయం 9:05

అక్కా, నేను కొలంబస్‌లో ఉంటా, రూమ్మేట్లం నలుగురం. మా మేనేజర్ వాళ్ళింట్లో మిగిలిన టర్కీ అంతా రేకు కాగితంలో చుట్టి మాకే ఇచ్చిండు. నిన్న రాత్రే ఒక రౌండ్ అయిపోయింది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, నాలుగు గుడ్లు కొట్టి పోసి, గుడ్డు సగం గట్టిపడ్డంక టర్కీ తురుము, మిరియాల పొడి వేసి రెండు తిప్పులు తిప్పి దించుడే. టోర్టిల్లా పెనం మీద కాల్చి అండ్ల చుట్టుకొని తినొచ్చు. పది నిమిషాలు కూడా పట్టలే. మస్తుంది.

ఫ్రిస్కో_పద్మ
శుక్రవారం, ఉదయం 9:20

పొరటు ఇవాళ మధ్యాహ్నానికే చేసేస్తా తమ్ముడూ, థాంక్స్. ఎడిసన్ గారూ, రెండూ కలిపేసే పెట్టాను, ఇప్పుడు కూర్చుని వేరు చేస్తున్నా. మరి ఎముకలు?

ఎడిసన్_వంటిల్లు
శుక్రవారం, ఉదయం 9:48

నన్నడిగితే మొత్తం టర్కీలో అసలు సరుకు ఆ ఎముకల గూడేనండీ. విరిచి ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) వేయండి, ఓ ఉల్లిపాయ సగానికి కోసి, అల్లం ముక్క దంచి, పది మిరియాలు, ఓ బిర్యానీ ఆకు. నీళ్ళు ఎముకలు మునిగేదాకా, కానీ గిన్నెలో మూడింట రెండొంతులు దాటనివ్వద్దు. గంట సేపు ప్రెషర్ పెట్టి, ఆవిరి దానంతట అదే దిగేదాకా ఆగి వడకట్టండి. ఉప్పు మాత్రం వేయకండి. ఇక్కడ అమ్మే ఫ్రోజెన్ టర్కీల్లో చాలావాటికి ముందే ఉప్పునీళ్ళు ఎక్కించి ఉంటాయి, పైగా మీరూ రాసి ఉంటారు. ఆ ఉప్పంతా రసంలోకి దిగుతుంది, రుచి చూసుకుని అప్పుడు చూద్దురుగాని.

ఒక జాగ్రత్త: టర్కీకి సేజ్, రోజ్‌మేరీ లాంటివి పట్టించి ఉంటే చర్మమూ ఆకులూ తీసేసి ఎముకలు వేయండి. సూప్‌కైతే ఆ వాసన బాగానే ఉంటుంది కానీ చింతపండుతో అస్సలు పొసగదు.

రసం ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి జెల్లీలా గడ్డకడుతుంది, పాడైందేమో అని కంగారుపడొద్దు, అలా గడ్డకట్టిందంటే బాగా దిగినట్టు. దానితో చారు పెట్టొచ్చు, పులావ్ వండొచ్చు, పప్పులోనూ పోయొచ్చు.

బే_ఏరియా_బాబాయ్
శుక్రవారం, ఉదయం 10:30

అమ్మా పద్మా, రసం కాచాక పూర్తిగా చల్లారనిచ్చి అప్పుడే ఫ్రిజ్‌లో పెట్టు. వేడిది పెడితే ఫ్రిజ్ పాడవుతుంది. రాత్రి కాచి స్టవ్ మీదే వదిలేసి పొద్దున్నే పెట్టుకోవచ్చు, ఇప్పుడు చలికాలమేగా. మా చిన్నప్పుడు తెనాల్లో ఫ్రిజ్జులెక్కడివి, పొద్దున వండిన కోడికూర రాత్రికి మళ్ళీ వెచ్చబెట్టి తినేవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు.

ల్యాబ్_కోటు
శుక్రవారం, ఉదయం 11:02

బాబాయ్ గారూ, మీరంటే గౌరవమే కానీ ఈ ఒక్క సలహా మాత్రం పద్మగారు పాటించకూడదు. నేను ఆహార పరీక్షల ల్యాబ్‌లోనే పనిచేస్తాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, క్షమించాలి.

క్లాస్ట్రీడియమ్ పర్‌ఫ్రింజెన్స్ అని ఒక బ్యాక్టీరియా ఉంది. దాని బీజాలు వండినా చావవు. పెద్ద గిన్నెడు కూరో రసమో నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు, ఆ గోరువెచ్చని దశలో, అవి మొలకెత్తి విపరీతంగా పెరుగుతాయి. తిన్న ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. అమెరికాలో ఏటా దాదాపు పది లక్షల మందికి ఇది వస్తుందని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా, గుంపుగా జబ్బుపడే ఘటనలు ఎక్కువగా నవంబర్, డిసెంబర్‌లలోనే. కారణం మీరే ఊహించండి, పెద్ద పెద్ద టర్కీలు, పెద్ద పెద్ద గిన్నెలు.

తెనాలి సంగతికొస్తే, మీ ఇంట్లో వండింది చిన్న గిన్నెడు కూర, అందులో పులుపూ కారమూ ఉప్పూ దిట్టంగా ఉండేవి, సాయంత్రానికి మళ్ళీ కుతకుత మరిగించేవారు. ఇక్కడ ఆరు లీటర్ల చప్పటి రసం. అది రాత్రంతా స్టవ్ మీద ఉంటే మధ్యభాగం తెల్లవారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది. కొన్ని క్రిములు వదిలే విషం తర్వాత ఎంత మరగబెట్టినా పోదు కూడా.

వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. లోతు తక్కువ డబ్బాల్లో పోయండి, రెండు మూడు అంగుళాల ఎత్తు మించకుండా. గోరువెచ్చగా ఉన్నప్పుడు పెట్టినా ఇప్పటి ఫ్రిజ్‌లకి ఏమీ కాదు. తొందరగా చల్లారాలంటే సింకులో ఐసునీళ్ళు పోసి అందులో గిన్నె పెట్టి తిప్పండి. ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉండాలి. వండిన టర్కీ అలా మూడు నాలుగు రోజులు ఉంటుంది, అంటే గురువారం రాత్రి పెట్టింది సోమవారానికి అయిపోవాలి. అంతకన్నా ఆగేదంతా ఇవాళో రేపో ఫ్రీజర్‌లో వేసేయండి. మళ్ళీ వేడిచేసేటప్పుడు ముక్క లోపల 165 డిగ్రీలు రావాలి. టర్కీ కోసం కొన్న థర్మామీటర్ ఎలాగూ ఉంటుంది కదా, దాన్నే గుచ్చి చూడండి.

బే_ఏరియా_బాబాయ్
శుక్రవారం, ఉదయం 11:15

సరే డాక్టరమ్మా, ఒప్పుకున్నాను. మా ఆవిడ పక్క నుంచి చదివి నవ్వుతోంది.

ల్యాబ్_కోటు
శుక్రవారం, ఉదయం 11:17

డాక్టరమ్మని కాదండీ, డాక్టరయ్యని. డాక్టర్ని కూడా కాదు.

సియాటిల్_చినుకు
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

క్రాన్‌బెర్రీ సాస్ గురించి ఎవరూ చెప్పలేదే! అది తియ్యగా జామ్‌లా ఉంటుందని మనవాళ్ళు ముట్టరు, చివరికి చెత్తబుట్టకే వెళ్తుంది. రెండు చెంచాల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, దించాక అర చెంచా కారం, చిటికెడు మెంతిపొడి, ఉప్పు వేసి ఆ పోపు సాస్‌లో కలిపేయండి. తీపి ఆవకాయ ఇష్టపడేవాళ్ళకి దోశెల్లోకి బ్రహ్మాండంగా ఉంటుంది. టర్కీ రోల్‌లో లోపల రాసినా బాగుంటుంది, ఎండిన ముక్కకి ఆ పులుపూ తీపీ కావాలి.

పచ్చి క్రాన్‌బెర్రీలు సంచిలో ఇంకా మిగిలుంటే మాత్రం పప్పులో వేయండి. మామిడికాయ పప్పు ఎలా చేస్తామో అలాగే. కందిపప్పు ఉడికాక, పోపులో క్రాన్‌బెర్రీలు వేసి అవి టపటప పగిలేదాకా ఐదు నిమిషాలు మగ్గించి పప్పులో కలపడమే. ఇది మీ అత్తయ్యగారికీ పనికొస్తుంది, కార్తీకం కాబట్టి ఉల్లి వెల్లుల్లి వెయ్యకుండా చేసుకోవచ్చు. ఈ పండు తాజాగా దొరికేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే, సంచులు కొని ఉన్నవి ఉన్నట్టు ఫ్రీజర్‌లో వేసుకుంటే వేసవి దాకా పప్పుకి లోటుండదు.

ఫ్రిస్కో_పద్మ
శుక్రవారం, మధ్యాహ్నం 2:25

పొరటు చేశాను, చిన్నవాడు రెండు రోల్స్ తిన్నాడు! పెద్దది క్రాన్‌బెర్రీ పోపు సాస్ విడిగా అడిగి మరీ వేసుకుంది. క్రాన్‌బెర్రీ పప్పు రాత్రికి పెడుతున్నా, మా అత్తయ్యగారు ఆ పళ్ళని చూసి ఇవి వాక్కాయల్లా ఉన్నాయే అన్నారు.

సియాటిల్_చినుకు
శుక్రవారం, మధ్యాహ్నం 2:31

పెద్దావిడ సరిగ్గా పట్టారు. వాక్కాయ పప్పు తిన్నవాళ్ళకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

హైదరాబాదీ_ఇన్_అట్లాంటా
శుక్రవారం, సాయంత్రం 4:10

తొడ మాంసం హలీంకి అని ఎడిసన్ గారు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు, నేను పూర్తి చేస్తా. హలీం అనగానే గంటల పని అని భయపడతాం కానీ ఇక్కడ మాంసం ఆల్రెడీ మెత్తబడి ఉంది, ఎముకల రసమూ రెడీగా ఉంది, కష్టమైన సగం పని అయిపోయినట్టే.

అర కప్పు గోధుమ రవ్వ (లావుది, దలియా అని అమ్ముతారు), రెండేసి చెంచాల శనగపప్పు, మినప్పప్పు, ఎర్ర కందిపప్పు, చారెడు బార్లీ గంట ముందు నానబెట్టండి. కుక్కర్‌లో నెయ్యి, షాజీరా, దాల్చిన చెక్క, యాలకులు, అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, నానబెట్టినవన్నీ వేసి, నాలుగైదు కప్పుల టర్కీ రసం పోసి ఇరవై ఐదు నిమిషాలు ప్రెషర్ పెట్టండి. మూత తీశాక రెండు కప్పుల తొడ మాంసం సన్నగా చీల్చి వేసి, పప్పుగుత్తితో ఓపిగ్గా మెదపండి. మిక్సీలో మాత్రం వేయొద్దు, జిగురైపోతుంది. చిక్కబడితే ఇంకాస్త రసం పోసి సన్న సెగ మీద పది నిమిషాలు. పైన బ్రౌన్ చేసిన ఉల్లిపాయ, పుదీనా, నిమ్మకాయ, వేయించిన జీడిపప్పు, నెయ్యి ధారాళంగా. మటన్ హలీం అంత రుచి వస్తుందని అబద్ధం చెప్పను, ఆ కొవ్వు రుచి వేరు. కానీ చలి రాత్రి, వారం మధ్యలో, పిల్లలు స్పూనుతో గిన్నె గీకి తినే తిండి ఇది.

ఉప్పు చివర్లో వేయండి. ఎడిసన్ గారు చెప్పిన ఉప్పునీళ్ళ సంగతి గుర్తుందిగా.

నెల్లూరు_చేప
శుక్రవారం, సాయంత్రం 5:33

బిర్యానీ ప్రశ్నకి ఇంకా ఎవరూ సరిగ్గా సమాధానం ఇవ్వలేదు.

ఎడిసన్_వంటిల్లు
శుక్రవారం, సాయంత్రం 5:50

దమ్ బిర్యానీ వద్దనే నా మాట. పులావ్ చేయండి. బాస్మతి అరగంట నానబెట్టి, పులావ్ మసాలాలు, ఉల్లిపాయ వేయించి, కప్పు బియ్యానికి కప్పున్నర టర్కీ రసం పోసి వండండి. తడి ఇంకిపోయి ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది అనగా, వెన్నతో కాస్త వేయించిన టర్కీ ముక్కలు పైన పరిచి మూత బిగించి సెగ తగ్గించేయండి. రుచంతా రసంలోంచి అన్నానికి ఎక్కుతుంది, ముక్క కేవలం తోడు.

హైదరాబాదీ_ఇన్_అట్లాంటా
శుక్రవారం, సాయంత్రం 6:02

అది పులావే అన్నా, బాగుంటుంది, కాదనను. కానీ అడిగింది బిర్యానీ. దమ్ కూడా వస్తుంది, పచ్చి మాంసం లెక్కలు మర్చిపోతే. పెరుగు, పుదీనా, కొత్తిమీర, వేయించిన ఉల్లిపాయ, గరం మసాలా, నిమ్మరసం, కాస్త నూనె కలిపి మసాలా విడిగా స్టవ్ మీద చిక్కబడేదాకా ఉడికించాలి. చల్లారాక తొడ మాంసం పెద్ద ముక్కలు అందులో కలపాలి. బియ్యం మామూలుగా డెబ్భై శాతం ఉడకగానే వార్చేస్తాం కదా, ఇక్కడ తొంభై శాతం దాకా ఉడకనివ్వాలి, ఎందుకంటే దమ్ మీద ఉంచేది పావుగంటే. అడుగున మసాలా టర్కీ, పైన అన్నం, కుంకుమపువ్వు పాలు, గట్టి మూత. రొమ్ము మాంసం ఇందులో వేస్తే మాత్రం పద్మక్క వాళ్ళాయనే గెలిచినట్టు.

ఎడిసన్_వంటిల్లు
శుక్రవారం, సాయంత్రం 6:09

పదిహేను నిమిషాల దమ్‌ని దమ్ అనడానికి నాకు మనసొప్పడం లేదు కానీ సరే.

నెల్లూరు_చేప
శుక్రవారం, సాయంత్రం 6:30

మా ఇంట్లో అయితే వీటన్నిటికంటే ముందు దోశె. కారం దోశె పోసినట్టే పోసి, ఎర్రకారం రాసి, మసాలాలో తిప్పిన టర్కీ తురుము చల్లి, పైన గుడ్డు కొట్టి మూతపెట్టడం. ఇండియన్ కొట్టులో పిండి దొరుకుతుంది, సోమవారం రాత్రి ఎంత అలసిపోయి వచ్చినా ఇది చేయగలం.

ఎముకల రసంతో రాగి సంకటిలోకి పులుసు కూడా కాస్తాం. ధనియాలు, గసగసాలు, కొబ్బరి, ఎండుమిర్చి వేయించి నూరి, ఆ రసంలో చింతపండు కొద్దిగా, మునక్కాడలు వేసి పలుచగా మరగనిచ్చి, చివర్లో తొడ ముక్కలు వేయాలి. నాటుకోడి పులుసు అని చెప్పి పెట్టండి, అడిగేవాడుండడు.

టొరంటో_బుజ్జమ్మ
శుక్రవారం, రాత్రి 8:15

మాకిక్కడ కెనడాలో థాంక్స్‌గివింగ్ అక్టోబర్ రెండో సోమవారం, ఈ ఏడాది దసరా వెళ్ళిన రెండో రోజే వచ్చింది. కాబట్టి మా టర్కీ వంటలన్నీ ఎప్పుడో అయిపోయాయి, అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నా.

కర్రీ పఫ్స్ చేయండి పద్మగారూ. మన బేకరీల్లో సాయంత్రం అమ్మే ఆ పఫ్స్. ఇక్కడివాళ్ళు మిగిలిన టర్కీతో పాట్ పై అని చేస్తారు, అదే లోపలి సరుకుని మన మసాలాతో చేసి ఫ్రోజెన్ పఫ్ పేస్ట్రీలో చుట్టేయడమే. ఉల్లిపాయ, క్యారెట్, బఠాణీ వేయించి, ఉప్పు, కారం, గరం మసాలా వేసి, రొమ్ము మాంసం సన్నగా తరిగి వేసి, మీ గ్రేవీ ఉందన్నారుగా, అది రెండు గరిటెలు పోసి దగ్గరపడనివ్వండి. గ్రేవీలో పిండి ఉంటుంది కనక ముద్దలా పట్టుకుంటుంది. ఇది పూర్తిగా చల్లారాలి, వేడిగా పెడితే పేస్ట్రీలోని వెన్న కరిగి పొరలు విచ్చుకోవు. చతురస్రాలుగా కోసి, మడిచి, పైన గుడ్డు సొన రాసి 400 డిగ్రీల ఓవెన్‌లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. కాల్చకుండానే ట్రేలో ఫ్రీజ్ చేసుకుంటే స్కూలు నుంచి వచ్చేసరికి నేరుగా ఓవెన్‌లోకి వెళ్ళిపోతాయి, ఓ ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే.

మినియాపొలిస్_మంచు
శుక్రవారం, రాత్రి 9:40

టర్కీల పెంపకంలో అమెరికాలో మొదటి వరసలో ఉండే రాష్ట్రం మా మిన్నెసోటా, ఇక్కడ థాంక్స్‌గివింగ్ మర్నాడు ప్రతి ఇంట్లో వైల్డ్ రైస్ సూపే. ఆ నల్లటి సన్నటి గింజలు ఇక్కడి చెరువుల్లో పెరుగుతాయి, ఒజిబ్వే తెగవాళ్ళు తరతరాలుగా పడవల్లో వెళ్ళి దులిపి తెచ్చుకునే పంట. ఉడకడానికి నలభై ఐదు నిమిషాలు పైగా పడుతుంది, ముందురోజే ఉడికించి పెట్టుకోండి. వెన్నలో ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ వేయించి, కాస్త మైదా చల్లి, టర్కీ రసం పోసి, ఉడికిన గింజలు, టర్కీ, చివర్లో క్రీమ్. నేను పచ్చిమిర్చి రెండు చీలికలు, మిరియాలు కాస్త గట్టిగా వేస్తాను. మా పక్కింటి ముసలాయన మొదట అనుమానంగా చూశాడు, ఇప్పుడు ఆ మిర్చి వేసిందే కావాలంటాడు.

కారప్పొడి
శనివారం, ఉదయం 7:55

నిల్వ పచ్చడి పెట్టొచ్చా? చికెన్ పచ్చడిలాగా? ఊరికి పంపిద్దామని ఆలోచన.

ల్యాబ్_కోటు
శనివారం, ఉదయం 8:30

ఊరికి పంపడం వద్దండీ. మన చికెన్ పచ్చడి పద్ధతిలో పచ్చి ముక్క నూనెలో వేగేటప్పుడు లోపలి తడి చాలావరకు పోతుంది, నిమ్మరసం, ఉప్పు దండిగా పడతాయి, అయినా అది ఫ్రిజ్‌లో ఉంచాల్సిందే అంటాను నేను. టర్కీ ముక్కలైతే పెద్దవి, ఎంత వేగాయో తెలీదు, లోపల తడి ఉండిపోయి పైన నూనె కప్పేస్తే గాలి తగలని చోట పెరిగే క్రిములకి అది అనుకూలం. ఫ్రిజ్‌లో పెట్టుకుని మూడు నాలుగు రోజుల్లో తినేట్టయితే వేపుడు అనుకుని చేసుకోండి, దానికి పచ్చడి అని పేరు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కారప్పొడి
శనివారం, ఉదయం 8:34

అర్థమైంది. మానేశా.

థేమ్స్_నదిగట్టు
శనివారం, ఉదయం 9:10

లండన్ నుంచి. ఇక్కడ టర్కీ అంటే క్రిస్మస్‌కి. మర్నాడు బాక్సింగ్ డే, ఆ రోజు టర్కీ కర్రీ వండుకోవడం తెల్లవాళ్ళ ఇళ్ళలోనే ఆనవాయితీ, మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే వాళ్ళు సీసాలో కర్రీ పొడి వేసి ఎండుద్రాక్ష, యాపిల్ ముక్కలు వేస్తారు. మొదట నవ్వొచ్చింది కానీ తిన్నాక చెప్తున్నా, ఆ తీపి టర్కీకి బాగానే కుదురుతుంది. కొబ్బరిపాలు పోసి చేస్తే పిల్లలకి ఇంకా నచ్చుతుంది, కారం తక్కువ, పైగా కొబ్బరిపాలలోని కొవ్వు ఎండిన రొమ్ము మాంసాన్ని కాస్త ఆదుకుంటుంది.

ఫ్రిస్కో_పద్మ
శనివారం, ఉదయం 11:45

ఇంత మంది ఇన్ని చెప్తారని అనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. ఇప్పటిదాకా సంగతి: రసం కాచాను, లోతు తక్కువ డబ్బాల్లో పోసి గంటన్నరలో ఫ్రిజ్‌లోకి పంపాను (ల్యాబ్ గారూ, మార్కులు వేయండి). తొడ మాంసం రెండు సంచులు ఫ్రీజర్‌లోకి వెళ్ళింది, ఈ వారాంతంతో కార్తీకం అయిపోతుంది, ఆ తర్వాత మా మామయ్యగారు నెల్లూరు పులుసు కావాలన్నారు. రొమ్ము మాంసం సగం పఫ్స్‌కి.

ఇంక బంగాళాదుంప ముద్ద ఒక్కటే మిగిలింది. బొండాలు వేద్దామని ఉండ చేస్తే చేతికి అంటుకుపోతోంది, నిలబడట్లేదు.

ఎడిసన్_వంటిల్లు
శనివారం, మధ్యాహ్నం 12:05

వెన్న, పాలు, క్రీమ్ పోసి చేసింది కదండీ, నిలబడదు. నూనెలో వేస్తే విచ్చిపోతుంది కూడా, బొండా ఆలోచన మానేయండి. చపాతీ పిండిలోనే కలిపేసి ఆలూ పరాటాలు చేయండి, నీళ్ళు అసలు పోయకుండా ఆ ముద్దతోనే పిండి కలిపితే పరాటా మర్నాటికీ మెత్తగా ఉంటుంది. లేదంటే టర్కీ తురుము, పచ్చిమిర్చి, కొత్తిమీర, బ్రెడ్ పొడి రెండు గుప్పెళ్ళు, చెంచా బియ్యప్పిండి కలిపి, గంట ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక కట్లెట్లు చేసి పెనం మీద కాల్చండి. స్టఫింగ్ (టర్కీతో పెట్టే బ్రెడ్ ముక్కల వంటకం) ఏమైనా మిగిలిందా? అదీ ఇందులోనే కలిపేయొచ్చు, బ్రెడ్ పొడి అవసరం ఉండదు.

పాలమూరు_పిలగాడు
శనివారం, మధ్యాహ్నం 12:20

అక్కా చర్మం పారేయకు. ముక్కలు చేసి ఎయిర్ ఫ్రయ్యర్‌ల కరకరలాడేదాకా పెట్టి, పైన ఉప్పు కారం చల్లి పప్పన్నంల నంచుకో. క్రాన్‌బెర్రీ పప్పు ఉందిగా.

బే_ఏరియా_బాబాయ్
శనివారం, మధ్యాహ్నం 1:02

ఇది మాత్రం నేనూ చేసి చూశాను, అప్పడాలు అక్కర్లేదు.

మినియాపొలిస్_మంచు
శనివారం, మధ్యాహ్నం 1:30

పద్మగారూ, ఫ్రీజర్‌లో పెట్టిన మాంసం సంచిలో గరిటెడు రసం కూడా పోశారా? పొడిగా పెడితే అంచులు ఎండి తెల్లబడతాయి. గాలి తీసేసి, సంచిని పలుచగా పరిచి గడ్డకట్టిస్తే కరగడం కూడా తేలిక. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించుకుంటే సాయంత్రానికి రెడీ. మూడు నాలుగు నెలల్లోపు వాడేస్తే రుచి తగ్గదు, సంచి మీద తేదీ రాయండి.

ఫ్రిస్కో_పద్మ
శనివారం, మధ్యాహ్నం 1:48

రసం పోయలేదు, ఇప్పుడే తీసి పోస్తా, ఇంకా గట్టిపడలేదు.

కారప్పొడి
శనివారం, మధ్యాహ్నం 3:15

క్రిస్మస్‌కి ఆఫీసులో హామ్ (ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ) ఇస్తారు మాకు, పెద్దది. దాన్ని గోంగూరలో వేయొచ్చా?

నెల్లూరు_చేప
శనివారం, మధ్యాహ్నం 3:22

ఉప్పుకి ఉప్పు, పులుపుకి పులుపు, నోరు పాడైపోతుంది. నీళ్ళలో ఒకసారి మరిగించి వార్చి అప్పుడు వేయి, గోంగూరలో ఉప్పు అసలు వేయకు. వివరంగా కావాలంటే వేరే టాపిక్ తెరువు, పద్మక్కకి నోటిఫికేషన్లు పోతున్నాయి.